విండో ఏసీకి యూనివర్సల్ రిమోట్: కోడ్‌ల సంఖ్య కాదు, పాత రిమోట్ వెనక నంబరు చూడండి

ప్రశ్న: మా ఇంట్లో ఒకటిన్నర టన్నుల విండో ఏసీ ఉంది. రిమోట్ కిందపడి స్క్రీన్ మీద నల్లటి మరక పరుచుకుంది, అంకెలేమీ కనబడటం లేదు. బటన్ నొక్కితే ఏసీ మాత్రం బీప్ అంటోంది. టీవీకి వాడుతున్న యూనివర్సల్ రిమోట్‌తో ప్రయత్నిస్తే ఉలుకూ పలుకూ లేదు. షాపులో '1000 ఇన్ 1' అని ఒకటి, '4000 ఇన్ 1' అని ఇంకొకటి చూపించారు. ఎక్కువ కోడ్‌లున్నది తీసుకుంటే సరిపోతుందా? – ఒక పాఠకురాలు

సమాధానం: సరిపోకపోవచ్చు. కోడ్ అంటే ఒక్కో రకం ఏసీకి అర్థమయ్యే సిగ్నల్ భాష. 4000 కోడ్‌లలో మీ ఏసీది లేకపోతే ఆ నాలుగు వేలూ దండగే. వెయ్యిలో ఉంటే ఆ ఒక్కటి చాలు. పైగా పెట్టె మీద వేసే ఈ సంఖ్యలో ఒకే కోడ్‌ను వేర్వేరు బ్రాండ్ల పేర్ల కింద మళ్లీ మళ్లీ లెక్కపెట్టి ఉండవచ్చు. అందుకే పెట్టె మీద అంకె చూసి కొనకండి.

ముందు మీ చేతిలో ఉన్న పాత రిమోట్ సంగతి. బటన్ నొక్కితే బీప్ వస్తోందంటే అది ఇంకా బతికే ఉంది, పోయింది స్క్రీన్ ఒక్కటే. నల్లటి మరక ఇంకు ఒలికినట్టు ఉంటే లోపలి గాజు పగిలినట్టు, అది బాగుపడదు. మరక లేకుండా అంకెల్లో కొన్ని గీతలు మాత్రమే మాయమైతే వేరే సంగతి. స్క్రీన్‌కూ బోర్డుకూ మధ్య ఉండే రబ్బరు పట్టీ కదిలి ఉంటుంది, విప్పి సరిగ్గా కూర్చోబెడితే తిరిగి వస్తుంది. మీది మొదటి రకం. అయినా దాన్ని పారేయకండి. కొత్తది ఎంచుకోవడానికి మీకున్న ఒకే ఒక్క కొలబద్ద అదే.

టీవీ రిమోట్ ఎందుకు పనిచేయలేదో చూద్దాం, ఎంపిక అంతా దాని మీదే ఆధారపడి ఉంది. రెండు రిమోట్లూ కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగునే వాడతాయి, రెండూ దాదాపు 38 కిలోహెర్ట్జ్ (సెకనుకు 38 వేల సార్లు) వేగంతోనే ఆ వెలుగును మినుకుమనిపిస్తాయి. తేడా చెప్పే మాటలో ఉంది. టీవీ రిమోట్ 'సౌండ్ ఒక మెట్టు పెంచు' అని చిన్న ముక్క చెబుతుంది. బాగా వాడకంలో ఉన్న ఎన్‌ఈసీ పద్ధతిలో అది 32 బిట్లు, అంటే 32 సున్నాలూ ఒకట్లూ. స్క్రీన్ ఉన్న ఏసీ రిమోట్ అలా కాదు. మీరు ఏ బటన్ నొక్కినా ఆన్‌లో ఉందా, ఏ మోడ్, ఎన్ని డిగ్రీలు, ఫ్యాన్ ఎంత, స్వింగ్ ఉందా, టైమర్ ఉందా అన్నీ మొదటి నుంచి చివరి దాకా మళ్లీ పంపుతుంది. హోటల్లో ఇంకో గ్లాసు మంచినీళ్లు అడగడానికి మొత్తం ఆర్డరంతా మళ్లీ చదివినట్టు. డైకిన్ రిమోట్లలో కొన్ని ఒక్క నొక్కుకు 280 బిట్లు పంపుతాయి. ఇంత పొడుగు మాట టీవీల కోసం తయారైన యూనివర్సల్ రిమోట్‌లో ఉండదు. కాబట్టి కొనేది ఏసీల కోసమే చేసినది కావాలి.

అయితే విండో ఏసీల్లో ఇంకో రకం కూడా ఉంది. వాటి రిమోట్‌కు స్క్రీనే ఉండదు, ఆరేడు బటన్లు మాత్రం ఉంటాయి. డిగ్రీలు ఏసీ ముఖం మీదే కనబడతాయి. ఇవి టీవీ రిమోట్ లాగా ఒక్కో బటన్‌కు ఒక్కో చిన్న ముక్క పంపుతాయి: పవర్, టెంపరేచర్ పైకి, కిందికి, ఫ్యాన్, మోడ్. ఇలాంటి ఏసీకి స్క్రీన్ ఉన్న యూనివర్సల్ రిమోట్ తెస్తే చాలాసార్లు కుదరదు. రిమోట్ 24 అని తనలో తాను లెక్క వేసుకుంటూ ఉంటే, ఏసీకి కావలసింది 'ఒకటి తగ్గించు' అన్న మాట. స్క్రీన్ లేని రిమోట్ పోయినవాళ్లు అదే నమూనా డూప్లికేట్ గానీ, పాతది ఇంకా సిగ్నల్ పంపుతుంటే దాని నుంచి కోడ్ నేర్చుకునే రిమోట్ గానీ తీసుకోవడం మేలు.

మీ రిమోట్‌కు స్క్రీన్ ఉంది కాబట్టి మొత్తం ఆర్డర్ చదివే రకమే అయి ఉండాలి. ఖాయం చేసుకోవడం తేలిక. ఏసీని కూల్‌లో పెట్టి, దాని మీద కనబడే డిగ్రీలు చూసుకోండి. రిమోట్ ముందు భాగాన్ని, అంటే చిన్న బల్బు ఉన్న కొసను, అరచేత్తో గట్టిగా మూసి టెంపరేచర్ తగ్గించే బటన్ మూడుసార్లు నొక్కండి. బీప్ రాకూడదు. వస్తే చెయ్యి సరిగ్గా మూయలేదన్నమాట, ఇన్‌ఫ్రారెడ్ గోడకు తగిలి కూడా వెళ్లిపోతుంది. అప్పుడు వేరే గదిలోకి వెళ్లి నొక్కి రండి. ఇప్పుడు రిమోట్‌ను ఏసీ వైపు చూపి ఫ్యాన్ బటన్ ఒక్కసారి నొక్కండి. ఫ్యాన్‌తో పాటు డిగ్రీలు కూడా ఒక్కసారిగా మూడు తగ్గితే మీ అనుమానం తీరినట్టే. స్క్రీన్ పగిలినా ఈ పరీక్ష పనిచేస్తుంది, ఎందుకంటే లెక్క వేసుకునేది స్క్రీన్ కాదు, వెనకున్న చిప్.

ఇక నంబర్లు. రిమోట్ వెనక గానీ, సెల్స్ పెట్టే గది లోపల గానీ సన్నటి అక్షరాల్లో మోడల్ నంబరు ఉంటుంది. ఏసీ మీదున్న కంపెనీ పేరు కంటే ఈ నంబరుకే విలువ ఎక్కువ. ఏసీలను ఒక కంపెనీ తయారు చేసి ఇంకో కంపెనీ పేరుతో అమ్మడం మామూలే. లోపలి కంట్రోల్ బోర్డు ఎవరిదైతే రిమోట్ భాష కూడా వాళ్లదే. 'వైబీ1ఎఫ్' లాంటి అక్షరాలుంటే అది గ్రీ కుటుంబం. 'ఆర్51', 'ఆర్‌జీ57' అంటే మిడియా. 'ఏకేబీ'తో మొదలైతే ఎల్‌జీ. 'ఏఆర్‌సీ' అయితే డైకిన్. ఏసీ మీద ఏ పేరున్నా రిమోట్ వెనక 'ఆర్‌జీ57' కనబడితే యూనివర్సల్ రిమోట్ కోడ్ పట్టికలో మిడియా కింద వెతకాలి. మీ ఏసీ కంపెనీ పేరు పట్టికలో లేదని షాపులో నిరాశపరిచినా ఈ దారిలో చాలాసార్లు పని అవుతుంది. ఏసీ మోడల్ నంబరు కూడా రాసి పెట్టుకోండి. విండో ఏసీకి అది సాధారణంగా ముందు గ్రిల్ తీస్తే లోపల గానీ, బాడీ పక్కన గానీ స్టిక్కర్ మీద ఉంటుంది.

ఈ రెండు నంబర్లూ చేతిలో ఉన్నాక మా సలహా: మొదట యూనివర్సల్ జోలికి వెళ్లకండి. అదే నంబరు రిమోట్ కంపెనీదో, డూప్లికేటో దొరుకుతుందేమో చూడండి. దానికి కోడ్ వెతుకులాట ఉండదు, సెల్స్ వేసి నొక్కడమే. పైగా విండో ఏసీలకు ప్రత్యేకంగా ఉండే కొన్ని బటన్లు యూనివర్సల్ రిమోట్లలో ఉండవు. ముఖ్యమైంది ఎనర్జీ సేవర్. గది చల్లబడ్డాక కంప్రెసర్‌తో పాటు లోపలి ఫ్యాన్‌ను కూడా ఆపి, మధ్యమధ్యలో తిప్పి చూసే మోడ్ అది. రోజూ దాన్ని వాడే ఇంట్లో యూనివర్సల్ తెచ్చుకుంటే, ఆ ఒక్కదాని కోసం లేచి ఏసీ దగ్గరికి వెళ్లి ప్యానెల్ మీద నొక్కాల్సి వస్తుంది. డూప్లికేట్ కొనేటప్పుడు నంబరు చివరి అక్షరాలు కూడా కలవాలి. నంబరు కలవకపోయినా బటన్లు వరస తప్పకుండా ఒకేలా ఉంటే పనిచేసే అవకాశం ఉంది. ఒక బటన్ ఎక్కువో తక్కువో ఉంటే మాత్రం పెట్టి చూడకుండా తీసుకోకండి.

అది దొరకనప్పుడు యూనివర్సల్. చూసుకోవాల్సినవి: ఏసీల కోసమే చేసినదై ఉండాలి, డిగ్రీలూ మోడ్ గుర్తులూ పెద్దగా కనబడే స్క్రీన్ ఉండాలి. పెట్టెలో బ్రాండ్ల వారీ కోడ్ పట్టిక కాగితం ఉండాలి. కోడ్ నంబరును నేరుగా ఇచ్చే వీలుండాలి, కోడ్‌లన్నీ ఒక్కొక్కటిగా తానే పంపుతూ పోయే ఆటో సెర్చ్ మాత్రమే ఉన్నది విసిగిస్తుంది. సెల్స్ మార్చినా కోడ్ గుర్తుండే రకమా అని అడగండి. కొన్నిటికి సెల్స్ తీయగానే అంతా మరుపే. రాత్రి వాడకానికి బ్యాక్‌లైట్ ఉంటే బాగుంటుంది. లేదని మంచిదాన్ని వదులుకోనక్కర్లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, కుదరకపోతే వెనక్కి తీసుకుంటామన్న మాట ముందే తీసుకోండి. యూనివర్సల్ రిమోట్ విషయంలో ఎంత చదివినా, చివరికి తేల్చేది మీ ఏసీ ముందు నిలబడి నొక్కినప్పుడే.

ఇంట్లో ఎవరి ఫోన్‌కైనా పైఅంచున ఇన్‌ఫ్రారెడ్ బల్బు ఉంటే కొనకముందే పరీక్షించవచ్చు. ఆండ్రాయిడ్‌లో 4.4 వెర్షన్ నుంచి ఈ సదుపాయానికి తోవ ఉంది, షావోమీ ఫోన్లలో చాలావాటికి బల్బు ఉంటుంది. ఐఫోన్లకు లేదు. రిమోట్ యాప్‌లో ఏసీ ఎంచుకుని, మీ కంపెనీ పేరుతో కుదరకపోతే పైన చెప్పిన కుటుంబాల పేర్లతో ఒక్కొక్కటీ ప్రయత్నించండి. ఏ పేరు కింద అన్ని బటన్లూ పలికాయో ఆ పేరే షాపులో కోడ్ పట్టికలో వెతకాలి. ఫోన్‌తోనే రోజూ నడిపిద్దామంటే నడుస్తుంది గానీ, ఫోన్ బయటికి వెళ్లిన రోజు ఇంట్లో ఉన్నవాళ్ల సంగతి ఆలోచించుకోవాలి.

కోడ్ పెట్టే పద్ధతి మోడల్‌ను బట్టి కొద్దిగా మారుతుంది, కానీ తీరు ఒక్కటే. కొత్త ఆల్కలైన్ సెల్స్ వేయండి. సెట్ బటన్‌ను కోడ్ అంకెలు మిణుకుమనేదాకా నొక్కి పట్టుకోండి, చాలావాటిలో అయిదారు సెకన్లు పడుతుంది. పట్టికలో మీ బ్రాండ్‌కు ఉన్న మొదటి కోడ్ ఇచ్చి, ఓకే గానీ సెట్ గానీ నొక్కి, పవర్ నొక్కి చూడండి. పలకకపోతే రెండో కోడ్. పట్టికలో బ్రాండ్ దొరకనివాళ్లకే ఆటో సెర్చ్. సెకనుకు ఒక కోడ్ చొప్పున పోయినా వెయ్యి కోడ్‌లకు 16 నిమిషాల పైనే చెయ్యి ఎత్తి పట్టుకోవాలి. ఏసీకి రెండు మూడు మీటర్ల దూరంలో, దానికి ఎదురుగా కూర్చుని చేయండి. బీప్ వినగానే బటన్ వదిలేయాలి. చెవికి వినబడి వేలు కదిలేలోపు రిమోట్ ఒకటి రెండు కోడ్‌లు ముందుకు పోతుంది. 'బీప్ వచ్చింది, కానీ ఇప్పుడు పనిచేయట్లేదు' అనేవాళ్లందరి కథా ఇదే. మైనస్ బటన్‌తో ఒక్కో కోడ్ వెనక్కి వస్తే దొరుకుతుంది. కొన్ని విండో ఏసీలు అసలు బీప్ అనవు. అలాంటప్పుడు చెవిని నమ్ముకోకుండా ప్యానెల్ మీద లైటు చూస్తూ ఉండాలి.

బీప్ రాగానే సంబరపడి ఆపేస్తే పొరపాటే. పవర్ ఒక్కటే పనిచేసి మిగతావి తికమకపడే కోడ్‌లు బోలెడు ఉంటాయి, ఒకే కంపెనీ పాత మోడల్‌కూ కొత్త మోడల్‌కూ మధ్య ముఖ్యంగా. ముందు టెంపరేచర్ 16 దాకా దించి, 30 దాకా ఎక్కించండి. ప్రతి నొక్కుకూ ఏసీ మీద అంకె రిమోట్‌లో ఉన్న అంకెతో కలవాలి. 24 అంటే ఏసీలో 22 కనబడితే కోడ్ దగ్గరిదే గానీ మీది కాదు. ఏసీ 75, 76 అంటుంటే తప్పు కోడ్ అనుకోకండి, అది ఫారెన్‌హీట్ చూపిస్తోంది. 60 నుంచి 86 మధ్య అంకెలన్నీ ఆ లెక్కలోవే. చాలా మోడళ్లలో ప్యానెల్ మీద పైకి, కిందికి బటన్లు రెండూ కలిపి కొద్దిసేపు నొక్కితే సెంటీగ్రేడ్‌లోకి మారుతుంది. తర్వాత కూల్ నుంచి ఫ్యాన్‌కు మార్చండి. కంప్రెసర్ గుర్‌మనడం ఆగి ఉత్త గాలి చప్పుడు మిగలాలి. ఫ్యాన్ మూడు స్పీడులూ చెవికి తేడా తెలియాలి. స్వింగ్ నొక్కి, గాలి మళ్లించే రెక్కలు కదులుతున్నాయా చూడండి. చాలా విండో ఏసీల్లో ఆ రెక్కలు పక్కలకు ఊగుతాయి, పైకీ కిందికీ చేత్తోనే తిప్పుకోవాలి. కాబట్టి రిమోట్‌లో రెండు స్వింగ్ బటన్లుంటే ఒకటి పలకకపోవడం సహజమే. హీట్ బటన్ కూడా అంతే. మీ ఏసీకి హీటర్ లేకపోతే అది నొక్కితే ఏమీ జరగదు.

ఇక్కడే చాలామంది మంచి కోడ్‌ను వదిలేసుకుంటారు. ఫ్యాన్ నుంచి కూల్‌కు తిరిగి మార్చగానే చల్లగాలి రాదు. ఆగిన కంప్రెసర్ వెంటనే మొదలైతే లోపల ఒత్తిడి సర్దుకోక మోటారు బిగుసుకుంటుందని, కంట్రోల్ బోర్డు దాదాపు 3 నిమిషాలు ఆపి ఉంచుతుంది. ఆ మూడు నిమిషాలూ గడిచేదాకా తీర్పు చెప్పకండి. ఈ ఆలోచన లేక కోడ్ మీద కోడ్ మారుస్తూ పోతే ప్రతిసారీ ఏసీ ఆగి మళ్లీ మొదలై, ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

టైమర్ విషయంలో ఒక తిరకాసు ఉంది. అసలు రిమోట్ టైమర్ సమయాన్ని ఏసీకి చెప్పేస్తుంది, తర్వాత లెక్క ఏసీదే. కొన్ని యూనివర్సల్ రిమోట్లు లెక్కను తమ దగ్గరే ఉంచుకుని, సమయం కాగానే తామే ఆఫ్ సిగ్నల్ పంపుతాయి. అలాంటిదాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంటే తెల్లవార్లూ ఏసీ నడుస్తుంది. ముందొకసారి గంట టైమర్ పెట్టి, రిమోట్‌ను డ్రాయర్‌లో మూసి ఉంచి చూస్తే మీది ఏ రకమో బయటపడుతుంది.

అన్నీ సరిగ్గా పలికిన కోడ్ నంబరును సెల్స్ గది మూత లోపల చిన్న టేపు అంటించి రాసి పెట్టండి. సెల్స్ మార్చిన రోజున ఈ తతంగమంతా మళ్లీ చేయకుండా అదొక్కటే కాపాడుతుంది.

నేర్చుకునే రిమోట్ మాటకొస్తే, మీ పాత రిమోట్ ఇంకా సిగ్నల్ పంపుతోంది కాబట్టి మీకు ఆ దారి కూడా తెరిచే ఉంది. రెండు రిమోట్ల కొసలూ ఎదురెదురుగా రెండు నుంచి అయిదు సెంటీమీటర్ల దూరంలో పెట్టి, ఎండ పడని చోట, ఒక్కో బటన్ నేర్పాలి. కానీ మీది మొత్తం ఆర్డర్ చదివే రకం. నేర్పిన ప్రతి బటన్‌కూ ఒక్క స్థితి మాత్రమే గుర్తుంటుంది. 'కూల్, 24, ఫ్యాన్ మధ్యస్థం' ఒక బటన్, 'కూల్, 26, ఫ్యాన్ తక్కువ' ఇంకోటి, 'ఆఫ్' మూడోది, ఇలా. డిగ్రీలు ఒక్కొక్కటే పెంచుకునే వీలుండదు. రోజూ రెండు మూడు సెట్టింగులే వాడే పెద్దవాళ్లకు నిజానికి ఇదే సుఖం, మూడు పెద్ద బటన్లతో పని అయిపోతుంది. కొనేటప్పుడు ఏసీ సిగ్నల్ నేర్చుకుంటుందా అని అడగడం మరవకండి. చిన్న మెమొరీ ఉన్నవి పొడవాటి మాటను సగంలో కోసేసి, నేర్చుకున్నట్టే లైటు వెలిగిస్తాయి.

పాతదీ కొత్తదీ రెండూ వాడే ఇంట్లో ఇంకో చిక్కు వస్తుంది. రిమోట్ నుంచి ఏసీకి మాట వెళ్తుందే తప్ప తిరిగి జవాబు రాదు. ఒకదానితో 22 పెట్టి, గంట తర్వాత రెండోదానితో ఫ్యాన్ మార్చితే, దాని స్క్రీన్ మీదున్న 27 కూడా వెంట పోయి ఏసీ వేడెక్కినట్టు అనిపిస్తుంది. ప్యానెల్ మీద నొక్కి మార్చినా ఇదే తంతు.

సెల్స్ గురించి రెండు మాటలు. స్క్రీన్ మీద అంకెలు కనబడుతున్నాయి కదా, సెల్స్ బాగానే ఉన్నాయి అనుకోవడం తప్పు. స్క్రీన్‌కు కావలసిన కరెంటు అత్యల్పం. బల్బు వెలిగే క్షణంలో మాత్రం సెల్స్ మీద ఒక్కసారిగా భారం పడుతుంది. బలహీనపడిన సెల్స్ స్క్రీన్‌ను నెలల తరబడి మోస్తాయి గానీ సిగ్నల్ పంపలేవు. మీటర్ ఉంటే కొలవండి, కొత్త సెల్ 1.5 వోల్టుల పైన ఉంటుంది, 1.3 కంటే దిగితే రెండూ కలిపి మార్చేయండి. ఏసీ వాడని నెలల్లో సెల్స్ తీసి ఉంచండి. కారితే స్ప్రింగులకు చిలుము పడుతుంది. ఆల్కలైన్ సెల్ కారిన తెల్లటి పొడి అయితే ఇయర్ బడ్ మీద ఒక చుక్క వెనిగర్ వేసి తుడిచి, ఆ తర్వాత స్పిరిట్‌తో తుడిచి బాగా ఆరనివ్వాలి.

కొత్త రిమోట్ ఏ కోడ్‌కూ పలకకపోతే ముందు అది వెలుగు పంపుతోందో లేదో ఫోన్ కెమెరాతో చూడండి. బటన్ నొక్కితే కొసన ఊదారంగు మెరుపు కనబడాలి. వెనక కెమెరాల్లో కొన్ని దాన్ని వడకట్టేస్తాయి కాబట్టి సెల్ఫీ కెమెరాతో చూడటం మంచిది. మెరుపు ఉండి, దగ్గరికెళ్లి నొక్కితేనే పలుకుతుంటే గది వెలుతురును అనుమానించండి. ఎదురు కిటికీ నుంచి ఎండ నేరుగా ఏసీ ముఖం మీద పడినా, కొన్ని రకాల ట్యూబ్‌లైట్లున్నా రిసీవర్ కళ్లు బైర్లు కమ్ముతాయి. కర్టెన్ వేసి, లైటు ఆపి చూస్తే తెలిసిపోతుంది. పాత రిమోట్‌కు పలికే ఏసీ కొత్తదానికి పలకకపోతే తప్పు కోడ్‌దే. పాతదానికి కూడా పలకడం మానేసి, ప్యానెల్ బటన్లతో మాత్రం మామూలుగా నడుస్తుంటే ఏసీ లోపలి రిసీవర్ పోయినట్టు. మూడు కాళ్ల చిన్న పరికరం అది, మెకానిక్‌కు పెద్ద పనేమీ కాదు. మీరు మాత్రం ముందు ప్యానెల్ విప్పి లోపల చెయ్యి పెట్టకండి. ప్లగ్ తీసేసినా కెపాసిటర్‌లో కరెంటు మిగిలి ఉంటుంది.